పెట్టెతో పాటు మనిషి

ప్రిస్కిల్లా అంటే డబ్లిన్లో బోమాంట్ వైపు ఎవరినడిగినా చెబుతారు. పెద్దాసుపత్రిలో నర్సు. మనిషి పొట్టి, గొంతు పొడుగు. వార్డులో ఈ చివర నిలబడి ఎవరినో పిలిస్తే, ఆ చివర మంచం మీద ముసలాయన తననే అనుకుని గబుక్కున మందు మింగేస్తాడు. తెనాలి పిల్ల. భయపడటం అనే పని ఎవరూ నేర్పలేదు, అదీ నేర్చుకోలేదు.

ఈ సంగతి రెండువేల ఐదు మే నెలలో జరిగింది. అప్పుడు ఐర్లండ్ వాళ్ళకి డబ్బు ఏం చేసుకోవాలో తెలియని రోజులు. ఉన్న ఇంటికి ఇంకో గది కట్టేవాడు ఒకడు, కట్టిన గదిని పడగొట్టి పెద్దది కట్టేవాడు ఇంకొకడు. పిల్లకి పుట్టినరోజైనా, పళ్ళూడినా, వాకిట్లో బౌన్సీ కాజిల్ లేవాల్సిందే. అంటే గాలి కొట్టి నిలబెట్టే రబ్బరు కోట. పిల్లలు చెప్పులిప్పి ఎక్కి గెంతుతారు, ఎవడో ఒకడు మూతి పగలగొట్టుకుంటాడు, అందరూ కేకు తిని పోతారు.

ప్రిస్కిల్లా కూతురు నీలిమకి ఎనిమిదేళ్ళు. ఆ శనివారం దానికి మొదటి సత్ప్రసాదం, అంటే గుడిలో ఫాదర్ గారి చేతి మీదుగా మొదటిసారి అప్పం తీసుకోవటం. ఇక్కడి కతోలికులకి అది చిన్నపాటి పెళ్ళి. తెల్ల గౌను, తెల్ల చేతితొడుగులు, తల మీద ముసుగు, పొద్దున గుడి, మధ్యాహ్నం ఇంట్లో విందు. క్లాసు పిల్లలందరికీ ఆ రోజే. ఎదురింట్లో ఉండే ఈఫా కూడా నీలిమ క్లాసే.

వారం ముందు నీలిమ ఇస్కూలు నుంచి వచ్చి బ్యాగు గుమ్మంలో పడేసింది. ఆ పిల్లకి తెలుగు అంతా అర్థమయ్యిద్ది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే, అదీ డబ్లిన్ యాసలో.

"ఈఫా వాళ్ళకి బౌన్సీ కాజిల్ వస్తంది మామ్. వాళ్ళన్నయ్య దగ్గర కొత్త గేమ్స్ పెట్టె కూడా ఉంది. రోడ్డు మొత్తం అక్కడికే పోతారు. మనింటికి ఎవరూ రారు" అంది.

"కార్లో ఊరి నుంచి మన తెలుగోళ్ళు, తోమా అంకుల్ వాళ్ళు రారా?" అంది ప్రిస్కిల్లా.

"వాళ్ళు సాయంత్రం వస్తారు. తోమా అంకుల్ నా ఫ్రెండ్ కాదు" అంది పిల్ల.

అదీ నిజమే. ఈఫాకి మేనమామలు, పెదనాన్నలు, వాళ్ళ పిల్లలు కలిపి ఒక పటాలం. ఈ ఇంట్లో ముగ్గురే ముగ్గురు. తెల్ల గౌను వేసుకుని కిటికీ దగ్గర కూర్చునే పిల్లని చూడటానికి తన ఈడు పిల్లలు ఒక్కరైనా రావాలి కదా. నీలిమకి కావాల్సింది అంతే, ఇంకేం లేదు.

నీలిమ నాన్న శౌరి ముసలాళ్ళని చూసుకునే హోములో కేరరు. మెత్తటి మనిషి. ఫోను పట్టుకుని రబ్బరు కోటల వాళ్ళందరికీ కొట్టాడు. ఉన్న కోటలన్నీ క్రిస్మస్ అయిన మర్నాడే మాట్లాడుకున్నారంట. చివరికి ఒకాయన, "ఆగస్టులో అయితే ఒకటి ఖాళీగా ఉంది" అన్నాడు.

"తీసుకోండి" అంది ప్రిస్కిల్లా. "ఆగస్టులో ఫాదర్ గారిని బతిమాలి పిల్లకి ఇంకోసారి ఇప్పిద్దాం."

"ఎటకారాలు తర్వాత. ఇప్పుడేం చేద్దాం?"

"నాన్న పెట్టె ఉంది కదా" అంది.

శౌరి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

ఆ పెట్టె సంగతి చెప్పాలి. ప్రిస్కిల్లా వాళ్ళ నాన్న కోటయ్యకి తెనాలిలో టీవీ, డెక్కు అద్దెకిచ్చే కొట్టు. పెళ్ళికి, ఓణీల ఫంక్షనుకి, కాలేజీ హాస్టలుకి తీసుకెళ్ళి రాత్రంతా సినిమాలు వేసేవాడు. ఎనభై అయిదులో ఆయన చిన్నాన్న కొడుకు కువైట్ నుంచి వస్తా ఒక పెట్టె తెచ్చాడు. షేకు ఇంట్లో కారు తోలేవాడు. ఆ ఇంటి పిల్లలు కొత్తరకం ఆట పెట్టె కొనుక్కుని పాతదాన్ని చెత్తలో పడేస్తే, ఈయన ఏరుకొచ్చాడు. అటూ ఇటూ చెక్కలాగా కనపడే ప్లాస్టిక్కు, మధ్యలో నాలుగు మీటలు, తీగలకి వేలాడతా రెండు తిప్పుడు బిళ్ళలు. టీవీకి తగిలిస్తే నల్లటి తెర మీద ఈ పక్క ఒక తెల్ల గీత, ఆ పక్క ఒక తెల్ల గీత, మధ్యలో ఒక చుక్క. చుక్క బంతి, గీత బ్యాటు. బిళ్ళ తిప్పితే గీత పైకీ కిందకీ పోతది. బంతిని వదిలేస్తే అవతలోడికి ఒక పాయింటు. అంతే ఆట. ఇప్పటి పిల్లలకి చూపిస్తే ఇదేం ఆట అంటారు. ఆ రోజు తెనాలి సగం ఆ కొట్టు ముందు నిలబడింది.

కోటయ్య బుర్ర మామూలుది కాదు. దాన్ని కొట్లో పెట్టుకు కూర్చోలా. ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్ళకి మోసుకెళ్ళాడు. అట్లకాడల కొట్టుకీ జంతికల కొట్టుకీ మధ్య దుప్పట్లతో గుడారం కట్టి, ఎండ పడకుండా టీవీ లోపల పెట్టి, తను బయట మైకు పట్టుకుని కూర్చున్నాడు. ఎడ్ల బండలాగుడు పోటీల్లో మైకులో ఎట్టా చెబుతారో అట్టా చెప్పేవాడు. బంతి ఎటు పోతందో, ఎవడి చెయ్యి వణుకుతందో, ఎవడు పెళ్ళాం ముందు పరువు పోగొట్టుకోబోతన్నాడో, అన్నీ చెప్పేవాడు. లోపల తెర కనపడని వాడు కూడా బయట నిలబడి ఆట వినేవాడు. ఓడినోడు లేవాలి, గెలిచినోడు కూర్చోవాలి. నిలబడి చూసినోడిని ఒక్క ఆటైనా ఆడించకుండా పంపేవాడు కాదు. చేతిలో ఏమీ లేనోడినైనా సరే, "రా అబ్బాయ్, కళ్ళతో ఆడింది చాల్లే, చేత్తో ఆడు" అనేవాడు.

గెలిచి కూర్చునేది మాత్రం ఎప్పుడూ ఒక్కటే, పదేళ్ళ ప్రిస్కిల్లా. దాన్ని దాటి బంతి పోయేది కాదు. జనం దానికి గోడ అని పేరు పెట్టారు. మీసాలున్నోళ్ళు వచ్చి గోడ చేతిలో ఓడి, బిళ్ళ సరిగా తిరగట్లేదని చెప్పి పోయేవాళ్ళు.

ఎవరైనా పెళ్ళికి పెట్టె కావాలంటే కోటయ్య ఒకటే మాట చెప్పేవాడు. "పెట్టె ఒక్కటే రాదు. పెట్టెతో పాటు మనిషి వస్తాడు. మనిషికి భోజనం పెట్టాలి." ఎందుకంటే పెట్టెకి నోరు లేదు. టీవీలోనూ మాట రాదు, పెట్టెలోనూ రాదు. నోరు కోటయ్యే.

తర్వాత తర్వాత జపాను పెట్టెలు వచ్చినయ్యి, రంగులొచ్చినయ్యి, తుపాకీతో బాతుల్ని కాల్చే ఆటలొచ్చినయ్యి. రెండు గీతల ఆట ఎవరికీ పట్టలా. కోటయ్య పోయాక కొట్లో సామానంతా ఎవరెవరో పట్టుకుపోయారు. ప్రిస్కిల్లా ఆ పెట్టె ఒక్కటి తీసుకుంది. ఐర్లండ్ వచ్చేటప్పుడు గోంగూర పచ్చడి సీసాల మధ్య చీరల్లో చుట్టి తెచ్చింది. ఇక్కడ హాట్‌ప్రెస్ అని వేడినీళ్ళ ట్యాంకు పెట్టే అలమర ఉంటది, తువ్వాళ్ళు పొడిగా ఉండటానికి. అందులో పై అరలో పెట్టింది.

ఆ రాత్రే దించి టీవీకి తగిలించారు. శౌరి కొత్తగా కొన్న టీవీ, నలుగురు మోస్తే గాని లేవదు. ఛానళ్ళు తిప్పగా తిప్పగా ఒక చోట చుక్క కనపడింది.

"వచ్చింది" అన్నాడు శౌరి. కాసేపు చూసి, "సౌండేది? పాడైపోయినట్టుంది" అన్నాడు.

"దానికి సౌండెప్పుడుందీ?" అంది ప్రిస్కిల్లా.

"ఆటన్నాక సౌండు ఉంటది ప్రిస్కిల్లా."

"ఈ ఆటతో పుట్టింది నేనా మీరా? దీనికి నోరు లేదు. నోరు మనదే."

ఆ వారమంతా నీలిమని కూర్చోబెట్టి ఆడించింది. మొదట పిల్ల మొహం ముడుచుకుంది. "మామ్, ఇందులో ఏమీ లేదు" అంది. రెండో రోజు తండ్రిని ఓడించింది. నాలుగో రోజుకి అన్నానికి రమ్మంటే రాలా. చెయ్యి చూస్తే ప్రిస్కిల్లాకి అర్థమయ్యింది. బంతి వెంట పరిగెత్తట్లేదు పిల్ల, బంతి వచ్చే చోట ముందే నిలబడతంది.

శనివారం వచ్చింది. గుడిలో నీలిమ బుద్ధిగా సత్ప్రసాదం తీసుకుంది. ఫోటోలయ్యాయి. ఇంటికొచ్చేసరికి ఎదురింటి కంచె మీదుగా రబ్బరు కోట బురుజులు లేస్తన్నాయి, ఎర్రటివి, పచ్చటివి. పిల్లల గోల. కార్లు రోడ్డుకి అటూ ఇటూ.

ప్రిస్కిల్లా బిర్యానీ వండింది, పక్కన గుడ్డు శాండ్‌విచ్‌లు కూడా పెట్టింది, కారం తినలేని పిల్లలు వస్తారేమోనని. నీలిమ ముందుగది కిటికీ దగ్గర చేతితొడుగులు కూడా తియ్యకుండా కూర్చుంది. ఒంటిగంటయ్యింది. శాండ్‌విచ్‌ల అంచులు ఎండిపోతన్నాయి.

"ఎవరూ రారులే మామ్. ఇట్స్ గ్రాండ్" అంది నీలిమ.

అంటే ఏం పర్లేదని. ఇక్కడ పిల్లలకి కాలు విరిగినా ఇట్స్ గ్రాండే. తల్లికి ఆ మాత్రం తెలవదా.

శౌరి, "పోనీ మనమే పిల్లని అక్కడికి తీసుకెళ్దామా?" అన్నాడు.

"అక్కడ వందమందిలో ఇదొకతి. ఇక్కడ ఇది పెళ్ళికూతురు. ఏమండీ, టీవీకి ఆ పక్క పట్టుకోండి."

"ఎక్కడికి?"

"బయటికి. తిరునాళ్ళలో కొట్టు లోపల కూర్చుని ఎవరొస్తారా అని చూస్తే ఎవరొస్తారు?"

నడుం పట్టేసిందని శౌరి మొత్తుకుంటా ఉండగానే టీవీని తలుపు ముందు చిన్న వసారాలోకి లాగారు. ఎండకి తెర కనపడలా. ఐర్లండ్లో ఎండ రాదంటారు, రాకూడనప్పుడు వచ్చిద్ది. ప్రిస్కిల్లా లోపలికెళ్ళి రెండు పట్టుచీరలు తెచ్చి అటొకటి ఇటొకటి కట్టి, పైన దుప్పటి కప్పింది. గుడారం తయారు. ఇంక కావాల్సింది మైకు. వీళ్ళ తెలుగు ప్రార్థన కూటానికి మైకు, స్పీకరు కొన్నారు, దాచటానికి చోటున్నది శౌరి ఇంట్లో. మెట్ల కింద నుంచి అదీ బయటికొచ్చింది.

"దేవుడి మైకు" అన్నాడు శౌరి నెమ్మదిగా.

"దేవుడి బిడ్డకే కదా. కూర్చోండి, ఓడిపోండి."

శౌరి కూర్చున్నాడు. నీలిమ తెల్ల గౌను సర్దుకుని, ఒక చేతితొడుగు తీసి ఒళ్ళో పెట్టుకుని, బిళ్ళ పట్టుకుంది. ప్రిస్కిల్లా పెట్టె పక్కనే ముక్కాలి పీట వేసుకుని మైకు మీద వేలితో రెండుసార్లు కొట్టింది.

తర్వాత ఆ రోడ్డు మీద వినపడింది అంతకుముందు ఎవరూ విని ఉండరు. సగం ఇంగ్లీషు, సగం తెనాలి. "బంతి బయలుదేరింది. శౌరి గారు చూస్తన్నారు. చూస్తనే ఉన్నారు. అయ్యా, బంతి వెళ్ళిపోయాక కూడా చూస్తన్నారు. ఈ రోడ్డు మీద నీలిమ అనే గోడ ఉంది. ఈ గోడని దాటిన బంతి లేదు. ఎదురింట్లో గెంతేవాళ్ళు గెంతండి, కాళ్ళున్న ఎవరైనా గెంతుతారు. చేతులున్నోళ్ళు ఎవరైనా ఉన్నారా?"

రబ్బరు కోట మీద గెంతుతున్న తలకాయలు కంచె పైన లేచి, చూసి, కిందకి పోయి, మళ్ళీ లేచినయ్యి. మొదట ఈఫా వచ్చింది, తెల్ల గౌను కింద చెప్పుల్లేకుండా. దాని వెనక ఇద్దరు మేనత్త పిల్లలు. ఈఫా కూర్చుంది, గబగబా ఓడింది.

"ఈఫా ఓడింది, ఈఫా లేచింది, ఈఫాకి శాండ్‌విచ్ ఇవ్వండి" అంది మైకు.

ఈఫాకి కోపం రాలా. పరిగెత్తుకెళ్ళి వాళ్ళన్నయ్యని తెచ్చింది. వాడికి కొత్త పెట్టెలో యుద్ధాలు చెయ్యటం వచ్చు, విమానాలు తోలటం వచ్చు. ఈ ఒక్క గీతని జరపటం రాలా. వాడు ఓడేసరికి అక్కడి పిల్లలంతా ఇక్కడికొచ్చి వరసలో నిలబడ్డారు. వాడి పెట్టె ముందు ఇద్దరు ఆడితే మిగతావాళ్ళు గోళ్ళు గిల్లుకుంటా కూర్చోవాలి. ఇక్కడ ఆడేవాడికంటే చూసేవాడికే మజా, ఎందుకంటే ప్రతివాడి పేరూ మైకులో వస్తంది, ప్రతివాడి చెమటా మైకులో వస్తంది. పేరు తెలియని పిల్లలకి ప్రిస్కిల్లా తనే పేర్లు పెట్టేసింది. ఎర్రజుట్టు పిల్లాడికి మిరపకాయ్ అని పెడితే, వాడు ఆ రోజంతా అదే పేరు చెప్పుకు తిరిగాడు.

నీలిమ లేవలా. లేవాల్సిన పని పడలా.

కేకు కొయ్యాలని పిల్లల్ని పిలవటానికి ఈఫా నాన్న డెక్లాన్ వచ్చాడు. కంప్యూటరు కంపెనీలో మేనేజరు. మనిషి మంచోడే, కానీ ఏ వస్తువు కనపడినా దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పందే ఊరుకోడు. పెట్టె చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఇది నాకు తెలుసు. డెబ్బై ఎనిమిదిలో మా మామ బర్మింగ్‌హామ్ నుంచి ఇట్టాంటిదే తెచ్చాడు. మా అమ్మ టీవీ పాడైపోయిద్దని గొడవ చేసింది" అన్నాడు. తర్వాత చెవి పెట్టి విని, "సౌండేది?" అన్నాడు.

"దీనికి సౌండు లేదు" అంది ప్రిస్కిల్లా.

"ఉంది ప్రిస్కిల్లా. బంతి తగిలినప్పుడల్లా టాక్ అంటది. ఆ శబ్దం నాకు ఇప్పటికీ నిద్రలో వినపడిద్ది. అన్నిటికంటే మొట్టమొదటి పెట్టె అమెరికాలో డెబ్బై రెండులో వచ్చింది చూడు, దానికి లేదు సౌండు. పాపం దానికి రంగులు కూడా లేవు, రంగు ప్లాస్టిక్కు కాగితాలు టీవీ మీద అతికించుకుని ఆడేవాళ్ళంట. ఇది అది కాదు. ఇది తర్వాతది."

"రంగు కాగితం మా తెనాలిలో కూడా అతికించాం. పైన నీలం, కింద పచ్చ. మధ్యలో మనిషి మొహం ఎర్రగా ఉండేది" అంది ప్రిస్కిల్లా. "దాని కోసం అమెరికా పోవాల్సిన పనేం లేదు. సౌండు మాత్రం లేదు."

"పందెం?" అన్నాడు డెక్లాన్.

"పందెం."

అతను పోయి స్క్రూడ్రైవరు తెచ్చాడు. పెట్టె తిరగేసి వెనక మూత తీశాడు. లోపల మూలగా చిన్న గుండ్రటి స్పీకరుంది. దాని తీగ మధ్యలో నీట్‌గా కోసి ఉంది. కోసిన రెండు కొసలకీ నల్ల గుడ్డ టేపు చుట్టి ఉంది, విడిపోకుండా దారంతో ముడి కూడా వేసి ఉంది. ఆ ముడి ప్రిస్కిల్లాకి తెలుసు. తెనాలి కొట్లో ప్రతి వైరుకీ అదే ముడి.

ప్రిస్కిల్లా ఆ ముడిని వేలితో తడిమింది. చిన్నప్పటి నుంచి పెట్టె మూగదని చెప్పిన నాన్నే దాని నోరు కోశాడన్నమాట.

"నేను చెప్పలా?" అన్నాడు డెక్లాన్. టేపు విప్పి తీగలు మెలేశాడు. నీలిమ బిళ్ళ తిప్పింది. టాక్.

పిల్లలు ఓ అని అరిచారు. ప్రిస్కిల్లా మైకు ఎత్తి, "బంతి బయలుదేరింది" అంది. ఆ మాట సగంలోనే మైకు పక్కనున్న పెట్టెలో టాక్ మంది. అది మైకులో పడి పెద్ద స్పీకర్లో రేకు మీద సుత్తితో కొట్టినట్టు వచ్చింది. ఇంకో మాటంటే ఇంకో టాక్. మిరపకాయ్ చెవులు మూసుకున్నాడు. ప్రిస్కిల్లా మాటలు ముక్కలు ముక్కలయ్యాయి. రెండు నిమిషాలు ఊరుకుని చూసింది. పెట్టె ఒక్కటే టాక్ టాక్ మంటంది. వరస చివర నుంచి ఇద్దరు పిల్లలు జారుకుని కోట వైపు నడిచారు. వాళ్ళ వెనక ఇంకొకడు. నీలిమ తెర చూడట్లా, వెళ్ళేవాళ్ళ వీపులు చూస్తంది.

అప్పుడు అర్థమయ్యింది ప్రిస్కిల్లాకి. గుణదల తిరునాళ్ళలో కూడా ఇదే అయ్యుంటది. కోటయ్య మైకు తియ్యలా, తీగ కోశాడు. మనిషి నోటికీ పెట్టె నోటికీ పడకపోతే ఏది ఉంచాలో ఆయనకి తెలిసింది. కూతురికి చెప్పలేదంటే, చెప్పాల్సినంత పెద్ద సంగతి అనుకోలేదన్నమాట.

"డెక్లాన్, పందెం నువ్వు గెలిచావు" అంది. "ఇప్పుడు అది తియ్యి."

"తియ్యటమేంటి? ఇదే అసలు శబ్దం. ఇట్టాగే ఆడాలి."

"నాన్నా, తీసేయ్" అంది ఈఫా. "మాకు ఆంటీ కావాలి."

డెక్లాన్ వరస వైపు చూశాడు. ఒక్క పిల్లకాయా తన పక్కన లేడు. తీగ విప్పేశాడు. ప్రిస్కిల్లా లోపల నుంచి ఆసుపత్రి ప్లాస్టరు తెచ్చి రెండు కొసలకీ చుట్టింది, నాన్న దారం దాని మీదే మళ్ళీ ముడేసింది. మూత బిగించింది.

"ఇప్పుడు కూర్చో" అంది డెక్లాన్‌తో.

"నేనా? నేను పిల్లల్ని కేకుకి పిలవటానికొచ్చా."

"ఇంతసేపు చూశావు. చూసినోడు ఆడకుండా పోకూడదు. కళ్ళతో ఆడింది చాల్లే."

డెక్లాన్ చేతిలో గ్లాసు కింద పెట్టి కూర్చున్నాడు. జారుకున్న ముగ్గురూ మైకు వినపడేసరికి వెనక్కొచ్చారు, వాళ్ళ వెనక ఈఫా మేనమామలు కూడా. "డెబ్బై ఎనిమిది నుంచి అభ్యాసం చేస్తన్న డెక్లాన్ గారు. మొదటి బంతి పోయింది. ఇరవై ఏడేళ్ళ చదువు అందులోనే పోయింది." మేనమామలు కడుపు పట్టుకుని నవ్వారు. నీలిమ ఒక్క బంతి కూడా వదల్లా. ఆఖరి బంతికి పెదవి కొరుక్కుని బిళ్ళ ఇంత తిప్పింది, చుక్క మూలకి పోయింది, డెక్లాన్ గీత అక్కడ లేదు.

"గోడ" అని అరిచింది మిరపకాయ్ మంద. ఆ తెలుగు మాట వాళ్ళకి మైకు నేర్పింది. ఐర్లండ్ పిల్లలు ఇరవైమంది నీలిమ చుట్టూ చేరి గోడా గోడా అంటంటే, అది రెండో చేతితొడుగు కూడా తీసి తల్లి ఒళ్ళోకి విసిరింది.

"మమ్మీ, ఇంకా ఎవరున్నారో పిలువు" అంది. తెలుగులోనే అంది, ఎవరూ అడక్కుండానే.

ఆ రోజు కేకు ఇక్కడికే వచ్చింది. బిర్యానీ అయిపోయింది, కారం అన్నోళ్ళు కూడా నీళ్ళు తాగతా తిన్నారు. సాయంత్రం తోమా వాళ్ళు కార్లో ఊరి నుంచి వచ్చేసరికి కూర్చోటానికి చోటు లేదు. ఎదురింటి రబ్బరు కోట గాలి తీస్తంటే ఒక్కడూ అటు చూడలా.

డెక్లాన్ వెళ్తా వెళ్తా గుమ్మంలో ఆగాడు. "ప్రిస్కిల్లా, వచ్చే ఆదివారం మావాడి పుట్టినరోజు. ఆ పెట్టె ఒక్కరోజు ఇస్తావా? జాగ్రత్తగా తెచ్చిస్తా."

ప్రిస్కిల్లా పట్టుచీరలు మడతపెడతంది. తలెత్తలా.

"పెట్టె ఒక్కటే రాదు. పెట్టెతో పాటు మనిషి వస్తది. మనిషికి భోజనం పెట్టాలి."

"అదెంత పని, శాండ్‌విచ్‌లు..."

"భోజనం అన్నా."

ఆదివారం డెక్లాన్ ఇంట్లో టీవీ ముందు పిల్లలు వరస కట్టి కూర్చున్నారు. మైకు ఒళ్ళో పెట్టుకుని ప్రిస్కిల్లా మాత్రం వంటింట్లో బల్ల దగ్గరుంది. డెక్లాన్ వండటం రాక అన్నం ముద్ద చేసి, కోడికూరలో ఉప్పు మర్చిపోయి, పళ్ళెం తెచ్చి ముందు పెట్టాడు. ఉప్పు అడిగి వేయించుకుంది, కలుపుకుని తీరిగ్గా తిన్నది. రెండోసారి వడ్డించుకుంది. ముందుగదిలో నుంచి నీలిమ పిలిచింది. వస్తన్నా అని చెప్పి, చెయ్యి కడుక్కుని, మైకు తీసుకుని లేచింది.